ముందు చిన్న డిస్కు, తర్వాత పెద్దది: పాత కంప్యూటర్ల మధ్య సాఫ్ట్‌వేర్ మోసుకెళ్లే డ్రైవ్‌ను ఎంచుకోవడం

నా గదిలో నాలుగు కంప్యూటర్లు వరసగా ఉన్నాయి. మొదటిది ఎక్స్‌టీ, అంటే 1980ల నాటి పీసీ. 5.25 అంగుళాల 360 కేబీ ఫ్లాపీ డ్రైవ్ ఒక్కటే దానికి వాకిలి. రెండోది 486 ప్రాసెసర్ ఉన్న పీసీ. అందులో 5.25 అంగుళాల 1.2 ఎంబీ డ్రైవ్, 3.5 అంగుళాల 1.44 ఎంబీ డ్రైవ్ రెండూ ఉన్నాయి. మూడోది విండోస్ 98 నడిచే పెంటియం టూ. నాలుగోది ఇప్పుడు ఇది రాస్తున్న లాప్‌టాప్, దీనికి ఫ్లాపీ కేబుల్ తగిలించే చోటే లేదు.

ఎక్స్‌టీ మా నాన్నది. డీబేస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఆయన సొంతంగా రాసుకున్న ఖాతాల ప్రోగ్రాం ఏడు ఫ్లాపీల్లో ఉండేది. ఆయన పోయాక ఆ ఫ్లాపీల పెట్టె నా చేతికొచ్చింది. ఆ ప్రోగ్రాం ఇంకా నడవాలన్నది నా పట్టుదల. దాన్ని ఆ యంత్రం నుంచి ఇక్కడిదాకా తెచ్చేసరికి తెలుసుకున్నవన్నీ, మీ దగ్గరా ఇలాంటి పెట్టె ఒకటి ఉంటే పనికొస్తాయని రాస్తున్నాను.

డ్రైవ్ కొనబోయే ముందు చాలామంది "ఎన్ని ఎంబీలు పడుతుంది" అని అడుగుతారు. అంతకన్నా ముందు అడగాల్సింది, "ఇది పనిచేయడానికి కావలసిన డ్రైవర్ ఆ పాత యంత్రంలోకి ఎలా వెళ్తుంది" అని. డ్రైవర్ అంటే ఆ పరికరంతో మాట్లాడటం కంప్యూటర్‌కు నేర్పే చిన్న ప్రోగ్రాం. ఫ్లాపీకన్నా ఎక్కువ పట్టే డిస్కులు వాడే జిప్ డ్రైవ్ తగిలించారనుకోండి, డాస్‌కు (విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టంకు) దాని డ్రైవర్ కావాలి. సీడీ డ్రైవ్‌కు డ్రైవర్‌తోపాటు ఎంఎస్‌సీడెక్స్ అనే ఇంకో ప్రోగ్రాం కూడా కావాలి. విండోస్ 98లో పెన్‌డ్రైవ్ పెడితే డ్రైవర్ డిస్కు పెట్టమంటుంది. ఆ డ్రైవర్ సీడీలోనే ఉండి, సీడీ డ్రైవ్ ఇంకా పనిచేయకపోతే ఎక్కడి గొంగళి అక్కడే. అందుకే నేను ఎప్పుడూ జంటగా ఎంచుకుంటాను. ఏ డ్రైవరూ అక్కర్లేకుండా బయాస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) నేరుగా గుర్తుపట్టే చిన్నది ఒకటి, తన డ్రైవర్ ఆ చిన్నదాంట్లో పట్టే పెద్దది ఒకటి. ఆ చిన్నది దాదాపు ప్రతిసారీ ఫ్లాపీయే.

కాబట్టి ఫ్లాపీల సంగతి కాస్త నిదానంగా చెబుతాను. ఇబ్బందులు ఎక్కువగా ఉన్నదీ అక్కడే.

3.5 అంగుళాల ఫ్లాపీల్లో రెండు రకాలు మీకు తారసపడతాయి. రెండు మూలల్లోనూ రంధ్రాలున్నది 1.44 ఎంబీ, ఒకే రంధ్రం ఉన్నది 720 కేబీ. ఎక్స్‌టీ కాలపు కంట్రోలర్ (ఫ్లాపీ డ్రైవ్‌ను నడిపే కార్డు) సెకనుకు 250 కిలోబిట్ల వేగంతోనే చదవగలదు. 1.44 ఎంబీకి 500 కావాలి. అందుకని ఎక్స్‌టీకి 3.5 అంగుళాల డ్రైవ్ తగిలించినా 720 కేబీతోనే పని జరుగుతుంది, దానికీ డాస్ 3.2 గానీ ఆ తర్వాతిది గానీ ఉండాలి. 1.44 ఎంబీకైతే డాస్ 3.3. రెండో రంధ్రం మీద టేపు అంటించి 1.44 డిస్కును 720గా ఫార్మాట్ చేసేవాళ్లున్నారు. ఆ పూటకు చదువుతుంది, ఆర్నెల్ల తర్వాత చదువుతుందన్న నమ్మకం నాకు లేదు. అసలైన 720 కేబీ డిస్కులు దొరికితే ఒక పది దాచుకోండి.

5.25 అంగుళాలవి ఇంకా సున్నితం. 360 కేబీ డ్రైవ్ 40 ట్రాకుల్లో రాస్తుంది. 1.2 ఎంబీ డ్రైవ్ అంతే చోటులో 80 ట్రాకులు రాస్తుంది కాబట్టి చదివి రాసే దాని హెడ్డు సన్నగా ఉంటుంది. సన్నటి హెడ్డు వెడల్పాటి గీతను చక్కగా చదువుతుంది. ఆ గీత మీద తిరిగి రాస్తేనే చిక్కు. మధ్యలో కొత్త రాత పడి, రెండు అంచుల్లో పాత రాత మిగిలిపోతుంది. తర్వాత ఆ డిస్కును 360 డ్రైవ్‌లో పెడితే దాని వెడల్పాటి హెడ్డుకు రెండూ కలగాపులగంగా వినిపిస్తాయి. ఇది నేను తెలియక చేశాను. నాన్న ఫ్లాపీల్లో ఒకదాన్ని 486లో పెట్టి, తేదీ సరిచేద్దామని ఒక ఫైలు మార్చి సేవ్ చేశాను. ఎక్స్‌టీలో మళ్లీ పెడితే చదవలేదు. కాసేపటికి 486 కూడా చదవనంది. ఆయన చేత్తో ఎక్కించిన ఒక నెల పద్దులు అలా పోయాయి. మిగతా ఆరు ఫ్లాపీలు చదివే ముందు వాటికి రైట్ ప్రొటెక్ట్ పెట్టాను. ఆ పని మొదటిదానికే చేసి ఉండాల్సింది.

రైట్ ప్రొటెక్ట్ దగ్గర ఒక తిరకాసు ఉంది, గుర్తుపెట్టుకోండి. 5.25 ఫ్లాపీలో పక్కనున్న గాడిని మూసేస్తే రాయడం ఆగుతుంది. 3.5 ఫ్లాపీలో కిటికీని తెరిస్తే ఆగుతుంది. ఒకదానికొకటి పూర్తిగా తలకిందులు.

1.2 డ్రైవ్ నుంచి 360 యంత్రానికి ఏదైనా పంపక తప్పకపోతే, ఎన్నడూ రాయని డబుల్ డెన్సిటీ (360 కేబీ రకం) డిస్కు తీసుకోండి. దాన్ని 1.2 డ్రైవ్‌లోనే 360గా ఫార్మాట్ చేసి రాయండి. డాస్‌లో ఫార్మాట్ కమాండ్ చివర స్లాష్ 4 పెడితే సరిపోతుంది. అంచుల్లో పాత రాత ఉండదు కాబట్టి ఎక్స్‌టీ చాలావరకు చదువుతుంది. హై డెన్సిటీ (1.2 ఎంబీ రకం) 5.25 డిస్కు మాత్రం 360 డ్రైవ్‌కు పనికిరాదు. దాని పూతకు కావలసిన అయస్కాంత బలం దాదాపు రెట్టింపు.

ఇప్పుడు దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ 1.44 ఎంబీ, 720 కేబీ పీసీ డిస్కులకు బాగానే ఉంటుంది, అంతకు మించి ఆశించొద్దు. పాత మ్యాక్ 400, 800 కేబీ డిస్కులను, అమిగా అనే పాత కంప్యూటర్ 880 కేబీ డిస్కులను అది చదవలేదు. ఆ యంత్రాలు డిస్కు మీద రాసే పద్ధతే వేరు. మ్యాక్ అయితే ట్రాకును బట్టి డిస్కు తిరిగే వేగాన్ని కూడా మార్చేది. మ్యాక్‌లో 1988 తర్వాత వచ్చిన సూపర్‌డ్రైవ్ ఉంటే 1.44 ఎంబీ పీసీ డిస్కుతో ఇచ్చిపుచ్చుకోవచ్చు. అమిగాలో వర్క్‌బెంచ్ 2.1 (దాని సిస్టం సాఫ్ట్‌వేర్) ఉంటే క్రాస్‌డాస్ అనే ప్రోగ్రాం సాయంతో 720 కేబీ పీసీ డిస్కు చదువుతుంది. అటు నుంచి వచ్చిన డిస్కులనే చదవాల్సి వస్తే గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంది. మామూలు పీసీ ఫ్లాపీ డ్రైవ్‌ను దానికి కలిపి యూఎస్‌బీకి పెడితే, డిస్కు మీది అయస్కాంత సంకేతాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. ఫార్మాట్ ఏమిటన్నది తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు. కాపీ ప్రొటెక్షన్ ఉన్న ఫ్లాపీలకు కూడా ఇదే దారి, మామూలు ఇమేజ్‌లో (డిస్కు మొత్తానికి ఒకే ఫైలుగా తీసిన నకలులో) ఆ గుర్తులు రావు.

మ్యాక్ ఫైళ్ల విషయం ఇంకొకటి. పాత మ్యాక్ ప్రోగ్రాంలో డేటా భాగం, రిసోర్స్ భాగం అని రెండుంటాయి. పీసీ డిస్కు మీదకు, పీసీలో రాసిన సీడీ మీదకు రెండో భాగం రాదు, ప్రోగ్రాం వట్టి డొల్లగా మిగులుతుంది. అందుకే మ్యాక్‌లోనే స్టఫిట్‌తో గానీ బిన్‌హెక్స్‌తో గానీ కట్టేసి, ఆ మూటనే మోయండి.

ఫ్లాపీలో పట్టని ఫైలును డాస్‌లోనే ముక్కలు చేసుకోవచ్చు. ఏఆర్‌జే, పీకేజిప్ రెండూ ఒక మూటను పలు డిస్కుల మీదకు పరుస్తాయి. నా హద్దు నాలుగు డిస్కులు. ఒకసారి పన్నెండు డిస్కుల మీద ఒక కంపైలర్‌ను పరిచాను. పదకొండు చక్కగా చదివి పన్నెండోది మొరాయించింది, ఏనుగు వెళ్లి తోక చిక్కినట్టు. నాలుగు దాటితే పెద్ద డ్రైవ్‌ను వెతుక్కోండి.

పెద్దవాటిలో నా ఓటు కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డుకు. 1994లో వచ్చిన ఈ కార్డు లోపల ఐడీఈ (అప్పటి పీసీల్లో హార్డ్ డిస్కు తగిలించే పద్ధతి) హార్డ్ డిస్కు భాష మాట్లాడుతుంది. అందుకే పాత కంప్యూటర్‌కూ దానికీ మధ్య పెట్టే అడాప్టర్‌లో పిన్నులు కలపడం తప్ప పెద్ద పనేమీ ఉండదు. 486 బయాస్ దాన్ని హార్డ్ డిస్కుగానే చూస్తుంది, డ్రైవర్ అడగదు. పాత లాప్‌టాప్‌లో పీసీఎంసీఐఏ గాడి (పక్కనుంచి కార్డులు దూర్చే చోటు) ఉంటే ఇంకో రకం అడాప్టర్‌లో అదే కార్డు దూరుతుంది. ఇవతల యూఎస్‌బీ కార్డ్ రీడర్‌లో పెడితే ఈ లాప్‌టాప్ చదువుతుంది. ఎక్స్‌టీకి కూడా 8 బిట్ ఐడీఈ కార్డులు ఉన్నాయి, ఎక్స్‌టీ ఐడీఈ అన్న పేరుతో వెతకండి. ఇన్ని తరాల యంత్రాల్లో ఒకే ముక్క తిరగడం ఇంకే డ్రైవ్‌లోనూ నేను చూడలేదు.

కార్డు ఎంచుకునేటప్పుడు పెద్దదానికి ఆశపడకండి. పాత 486 బయాస్‌లు చాలావరకు 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్ల దగ్గర ఆగిపోతాయి. లెక్క కడితే అది 52 కోట్ల 84 లక్షల బైట్లు, డాస్ లెక్కలో 504 ఎంబీ. ఆ యంత్రానికి 256 లేదా 512 ఎంబీ కార్డు చాలు. కొంచెం కొత్తవాటికి 2 జీబీ. డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతుల్లో డాస్ 6.22కు ఫ్యాట్16 దాకానే తెలుసు, ఒక పార్టిషన్ (డిస్కులో ఒక విభాగం) 2 జీబీ దాటకూడదు. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. 4 జీబీ కార్డును విండోస్ ఎక్స్‌పీలో "ఫ్యాట్" అని ఎంచుకుని ఫార్మాట్ చేస్తే అది చేసేస్తుంది. ఆ క్లస్టర్ (ఫైళ్లకు చోటు పంచే ముక్క) సైజు 64 కేబీ, డాస్‌కు అర్థం కాదు. డాస్ 32 కేబీ వరకే ఎరుగుదును అంటుంది.

కార్డును సిద్ధం చేసే పద్ధతి ఇది. ముందు పాత యంత్రంలోనే పెట్టి, ఫ్లాపీతో బూట్ చేసి, ఎఫ్‌డిస్క్ (పార్టిషన్లు చేసే కమాండ్), ఫార్మాట్ రెండూ అక్కడే చేయండి. బూట్ కావాలంటే ఎఫ్‌డిస్క్ స్లాష్ ఎంబీఆర్ కూడా ఇవ్వండి. ఆ తర్వాతే కార్డు తీసి కొత్త కంప్యూటర్‌లో ఫైళ్లు ఎక్కించండి. తిరగేసి చేస్తే రెండు యంత్రాలూ సిలిండర్ల లెక్క వేరువేరుగా వేసుకుంటాయి, కార్డు కనిపిస్తుంది గానీ బూట్ కాదు. ఐడీఈ అడాప్టర్‌లో ఉన్న కార్డును కరెంటు ఉండగా పెట్టడం, తీయడం చేయొద్దు. కార్డు ఏ పద్ధతిలో పనిచేయాలో కరెంటు వచ్చిన క్షణంలోనే నిర్ణయించుకుంటుంది. పీసీఎంసీఐఏ గాడిలో ఆ ఇబ్బంది లేదు.

ఎస్‌డీ కార్డుకు కూడా ఐడీఈ అడాప్టర్లు వస్తాయి. వాటి మధ్యలో ఒక చిప్ భాష మారుస్తూ ఉండాలి, అడాప్టర్‌ను బట్టి ఫలితం మారుతుంది. పాత ఎస్‌డీ రీడర్లు 2 జీబీ దాటిన కార్డులను అసలు గుర్తించవు.

జిప్ డ్రైవ్ గురించి చాలామంది అడుగుతారు. 100 ఎంబీ అని రాసి ఉన్న డిస్కులో సుమారు 96 పడతాయి. ప్యారలల్ పోర్టుకు తగిలే రకం మాత్రం ఇప్పటికీ పనిమంతురాలు. మూత విప్పకుండానే డాస్ యంత్రానికి వెనక ప్రింటర్ గాడిలో పెట్టొచ్చు, గెస్ట్ అనే డ్రైవర్ ప్రోగ్రాం ఒక ఫ్లాపీలో వస్తుంది. పాత మ్యాక్‌లు ఉన్నవాళ్లు స్కజీ అనే పోర్టుకు తగిలే రకం తీసుకోవాలి. మూడు సైజుల్లో 100 ఎంబీదే ఎంచుకోండి. 750 డ్రైవ్ 100 ఎంబీ డిస్కును చదువుతుంది కానీ రాయలేదు, 250 డ్రైవ్ రాస్తుంది కానీ నెమ్మదిగా. పాత జిప్ డ్రైవ్ చేతికొస్తే ముందు ఖాళీ డిస్కు పెట్టి వినండి. ఆగకుండా టక్ టక్ అని కొట్టుకుంటుంటే దాన్ని పక్కన పెట్టేయండి, మంచి డిస్కు పెట్టి పరీక్షించకండి. హెడ్డు దెబ్బతిన్న డ్రైవ్ డిస్కు అంచును చెడగొడుతుంది, ఆ డిస్కు ఇంకో డ్రైవ్ హెడ్డును చెడగొడుతుంది. అంటువ్యాధిలా పాకుతుంది.

ఎల్‌ఎస్-120 డ్రైవ్ కంటబడితే వదలకండి. తన 120 ఎంబీ డిస్కులతోపాటు మామూలు 1.44 ఫ్లాపీలనూ చదివి రాస్తుంది. జాజ్, సైక్వెస్ట్ వంటి పాత పెద్ద డిస్కు డ్రైవ్‌లు మీ పాత డేటా అందులోనే ఉంటే తప్ప కొత్తగా కొనకండి. 3.5 అంగుళాల మాగ్నెటో ఆప్టికల్ డిస్కులు గట్టివి, వేడి తగిలితే తప్ప రాత మారదు కాబట్టి అయస్కాంతానికి లొంగవు. అయితే చాలావాటికి స్కజీ కార్డు కావాలి.

సీడీ ఒకవైపు ప్రయాణానికి బాగుంటుంది. కొత్త కంప్యూటర్ నుంచి పాతదానికి 700 ఎంబీ దాకా ఒక్కసారి వెళ్లిపోతుంది, వైరస్ ఎక్కి వెనక్కి వచ్చే ప్రమాదం లేదు. సీడీ-ఆర్ వాడండి, సీడీ-ఆర్‌డబ్ల్యూ వద్దు. తిరిగి రాసే డిస్కు కాంతిని చాలా తక్కువగా వెనక్కి పంపుతుంది, పాత సీడీరామ్ డ్రైవ్‌లకు అది కనబడదు. ఒకే సెషన్‌లో రాసి డిస్కును ముగించండి. డాస్ కోసమైతే ఐఎస్ఓ 9660 మొదటి స్థాయి ఎంచుకోండి, అంటే పేరు ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడు అక్షరాలు. పొడుగు పేర్లు జోలియట్‌లో రాస్తే విండోస్ 95 నుంచి చదువుతాయి, డాస్‌లో కత్తిరించిన పేర్లే కనిపిస్తాయి, బ్యాచ్ ఫైళ్లు ఆ పేర్లు దొరక్క ఆగిపోతాయి. డ్రైవర్ కోసం విండోస్ 98 స్టార్టప్ ఫ్లాపీ ఒకటి దగ్గరుంచుకోండి, చాలా ఐడీఈ సీడీ డ్రైవ్‌లకు సరిపడే డ్రైవర్ అందులోనే ఉంటుంది.

పెన్‌డ్రైవ్‌తో సుఖం విండోస్ ఎంఈ, విండోస్ 2000 నుంచి మొదలు. 98 సెకండ్ ఎడిషన్‌కు విడిగా డ్రైవర్ వేసుకోవాలి. విండోస్ ఎన్‌టీ 4కు యూఎస్‌బీ లేదు, ఫ్యాట్32 కూడా తెలియదు. చిన్న పెన్‌డ్రైవ్ తీసుకుని ఫ్యాట్32లో ఉంచండి. ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతిలో ఉన్నది పాత యంత్రానికి కొత్త ఖాళీ డిస్కులా కనిపించి, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. అలవాటులో అవును అన్నారంటే అంతా పోతుంది. ఆ కాలపు యూఎస్‌బీ 1.1 వేగం సెకనుకు ఒక ఎంబీ లోపే. ఒక జీబీకి సుమారు ఇరవై నిమిషాలు ఓపిక పట్టాలి.

ఫ్లాపీ డ్రైవ్ చచ్చిపోయిన యంత్రానికి, ఫ్లాపీలు దొరకని చోటికి గోటెక్ పెట్టుకోండి. ఫ్లాపీ డ్రైవ్ ఉన్న చోటే బిగుస్తుంది, అదే 34 పిన్నుల కేబుల్. ముందు వైపు పెన్‌డ్రైవ్ పెడితే అందులోని ఇమేజ్‌ను కంప్యూటర్ ఫ్లాపీ అనుకుంటుంది. దానితో వచ్చే సాఫ్ట్‌వేర్ కన్నా ఫ్లాష్‌ఫ్లాపీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ చాలా మెరుగు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఇమేజ్ ఫైళ్లు మామూలుగా కాపీ చేసుకుంటే చాలు. మా ఎక్స్‌టీలో ఇప్పుడు రెండో డ్రైవ్ ఇదే. నాన్న వాడిన పాత డ్రైవ్ మొదటి చోటులో అలాగే ఉంది.

ఇన్ని రకాలను కలిపేది మధ్యలో ఉండే వారధి యంత్రం. నాకది పెంటియం టూ. 1998 నుంచి 2002 మధ్య వచ్చిన డెస్క్‌టాప్‌లో ఫ్లాపీ కంట్రోలర్, ఐడీఈ, ప్యారలల్ పోర్టు, యూఎస్‌బీ అన్నీ ఒకేచోట దొరుకుతాయి. దానికి 5.25 డ్రైవ్ ఒకటి, 3.5 డ్రైవ్ ఒకటి, కాంపాక్ట్ ఫ్లాష్ అడాప్టర్ ఒకటి బిగించండి. ఎవరైనా అలాంటి డబ్బాను పారేస్తుంటే అడిగి తెచ్చుకోండి. డ్రైవ్‌లన్నీ చచ్చిపోయినా సీరియల్ పోర్టు మిగిలే ఉంటుంది. డాస్ 6తో వచ్చే ఇంటర్‌సర్వర్ ప్రోగ్రాం స్లాష్ ఆర్‌కాపీ అంటే నల్ మోడెమ్ కేబుల్ (రెండు కంప్యూటర్ల సీరియల్ పోర్టులను నేరుగా కలిపేది) మీదుగా తననే అవతలి యంత్రానికి పంపుకోగలదు. కేబుల్‌లో ఏడు తీగలూ ఉండాలి, మూడు తీగలది చాలదు.

ఇక పని మొదలుపెట్టే రోజు. పాత ఫ్లాపీని డ్రైవ్‌లో పెట్టే ముందు దాని ముఖాన్ని వెలుగులో తిప్పి చూడండి. బూజు మచ్చలుంటే అది హెడ్డుకు అంటి తర్వాతి డిస్కును గీరేస్తుంది. ప్రతి నాలుగైదు డిస్కులకు ఒకసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో హెడ్డు తుడవండి. రైట్ ప్రొటెక్ట్ పెట్టండి. ఫైళ్లు ఒక్కొక్కటీ కాపీ చేయకుండా మొత్తం డిస్కును ఇమేజ్‌గా తీయండి, ఆ ఇమేజ్ మీద మీ ఇష్టం వచ్చినన్ని ప్రయోగాలు చేసుకోవచ్చు. డాస్ కాపీ కమాండ్‌కు స్లాష్ వీ పెడితే సరిపోల్చి చూస్తుందని అనుకోకండి, రాసినది చదవడానికి వస్తోందా అని మాత్రమే చూస్తుంది. నిజంగా సరిపోల్చాలంటే ఎఫ్‌సీ స్లాష్ బీ వాడండి, లేదా మూట కట్టి ఏఆర్‌జే పరీక్ష నడపండి. ఫ్లాపీని డ్రైవ్‌లో మరిచి రీస్టార్ట్ చేయకండి. ఆ కాలపు బూట్ సెక్టార్ వైరస్‌లు ఆ దారినే వచ్చేవి.

నాన్న ఆరు ఫ్లాపీలూ ఎక్స్‌టీ కాలం నాటివే అయినా 486లోని 1.2 డ్రైవ్‌లో పూర్తిగా చదివాయి. అక్కడి నుంచి 256 ఎంబీ కార్డు మీదకు, కార్డు నుంచి ఈ లాప్‌టాప్‌లోకి వచ్చాయి. అదే కార్డు నుంచి గోటెక్‌కు ఇమేజ్ వేసి, మళ్లీ ఎక్స్‌టీలోనే ప్రోగ్రాం నడిపాను. మొదటి తెరలో పేరు, తేదీ అడుగుతుంది, ఆ తర్వాత ఆయన పెట్టుకున్న మెనూ వస్తుంది. ఆరో వరసలో "నెల ముగింపు" అని ఉంది. పాడైన ఆ ఫ్లాపీలోని నెల తప్ప మిగతా అన్ని నెలలూ అందులో తెరుచుకుంటున్నాయి.